ధ్వనియు రేఖయు: రజనీకాంతరావు, బాపు

ధ్వని నశ్వరము, స్ఫోటము నిత్యమని వైయాకరణుల మతము. రేడియోపాటయు, దినపత్రికలోని వ్యంగ్యచిత్రమును ధ్వనివంటివి: అది గాలిలోఁ గలియును, ఇది మఱునాఁడే పాతకాగితమగును. అట్టి కళలయం దిరువు రాంధ్రులు స్థిరత్వ మెట్లు సంపాదించిరో విచార్యము.

మద్రాసు రేడియోకేంద్రము 1938 జూన్ 16వ తేదీన ప్రారంభమయ్యెను. బాలాంత్రపు రజనీకాంతరావుగారు (1920–2018) 1941లో నందుఁ జేరిరి. 1948 డిసెంబరు 1వ తేదీన వెలసిన విజయవాడ కేంద్రమునుండి వారు రూపొందించిన 'భక్తిరంజని' ప్రాతఃకాలమున నింటింట వినఁబడెను. వారు పాటను ప్రసారముతోడనే విడువక, పాటకట్టినవారి చరిత్రమును గ్రంథముగాఁ గూర్చిరి. ఆ 'ఆంధ్రవాగ్గేయకారచరిత్రము'నకు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారము లభించెను.

బాపు అను సత్తిరాజు లక్ష్మీనారాయణగారు (1933–2014) మద్రాసు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రపట్టమంది, 1955లో ఆంధ్రపత్రికయందు రాజకీయవ్యంగ్యచిత్రకారులైరి. నాఁటి వార్తలు మఱపునఁ బడినను వారి గీఁత మఱవఁబడలేదు. వారి దస్తూరి సైతము కంప్యూటరు అచ్చక్షరముగా మాఱి నేఁడును గానవచ్చుచున్నది.

సాహిత్యచరిత్రకారులు గ్రంథములనే లెక్కించినచో నిట్టివారి కృషిలోఁ బెక్కుపాలు లెక్కకు రాదు. కావున ప్రసారముల ధ్వనిముద్రణలను, పత్రికల పాతసంచికలను భద్రపఱుచుటయు వాఙ్మయరక్షణమే; తాళపత్రప్రతులను గాపాడుటకంటె నది తక్కువది కాదు.