బో భాషకు కడపటి గొంతు

విశాఖపట్టణమున ఓడయెక్కి, మూడు రాత్రులు నీటిమీద గడపి, నేనీ అండమాన్ దీవులలో కాలుపెట్టి ముప్పదియేండ్లు దాటినది. ఊరికి వచ్చినప్పుడెల్ల మనవారడుగునది ఒక్కటే: “జైలు చూశావా?” చూచితిని. మన రంప పితూరీదార్లు ద్వీపాంతరవాసమనుభవించినదియు నిచ్చటనే గనుక ఆ గోడలయెదుట నా తలయు వంగును. కాని ఈ దీవుల చరిత్రను 1858లో, ఖైదీల యోడ రేవుచేరిన దినముననే మొదలుపెట్టుట, కడపటి బంతినాటికి వచ్చి పెండ్లియంతయు వర్ణింపబూనుట వంటిది.

అప్పటికి గ్రేట్ అండమానీయులలో పది తెగలు కలవు. పది పలుకులు కలవు. జనము అయిదువేలకు తక్కువ యుండరని యంచనా. 1859లో అబర్డీనువద్ద విల్లమ్ములతో తుపాకులకెదురేగి యోడిరి. ఆవల తెల్లదొరలు ‘అండమాన్ హోమ్’ అని పేరిడి వారిని చేరదీసిరి. ఆ యాదరణయే తుపాకికంటె చేటయ్యెను. సవాయిరోగమును, 1877లో తట్టును అడవినెల్ల నూడ్చినవి. 1961 నాటి జనగణనమున మిగిలినవారు 19మంది.

ఆ శేషములో నొకతె బోవా సీనియర్. 1970 ప్రాంతమున సర్కారు తనవారిని చేర్చిన స్ట్రెయిట్ దీవిలో నుండి, సునామీని సైతము తప్పించుకొన్న ఆ యవ్వకు, తన బో భాషలో బదులు పలుకుటకు రెండవ మనిషి లేకుండెను. 2005 మొదలుకొని భాషాశాస్త్రవేత్త్రి అన్వితా అబ్బి ఆమె మాటలను, పాటలను ధ్వనిముద్రణ చేసెను. కడపటి పాటలనగా నాకు మరొక గొంతు తలపునకు వచ్చును: న్యూయార్కులో జాజ్ గాయని బిల్లీ హాలిడే 1959 మార్చిలో తుది ఆల్బము పాడునాటికి గొంతు జీరపోయియుండెను; అయినను వెనుక వాద్యబృందము, ఎదుట తన భాషయెరిగిన లోకము కలవు. బోవాకు వెనుక సముద్రపు హోరు.

పూర్వము వీరి పాటకు మరొక మర్యాద యుండెనని 1906–08లో నిచ్చటికి వచ్చిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్ వ్రాసియున్నాడు. దోనె తొలుచుచునో, విల్లు చెక్కుచునో ఎవనిపాట వాడు కట్టుకొని, తనలో తాను కూనిరాగముగా నరగదీసి, పల్లవిని ముందుగా ఆడువారికి నేర్పి, నాట్యదినమున డాలువంటి చెక్కబల్లపై పాదముతో తాళము కొట్టుచుండగా నెత్తుకొనెడివాడు. తాళమునకు పాదము! మన జంత్రములన్నియు తలచుకొని నేను కొంత సిగ్గుపడితిని.

2010 జనవరి 26న, మేము పోర్టుబ్లెయిరులో జెండావందనము ముగించి మిఠాయి తినుచున్ననాడే, ఇంచుమించు 85 ఏండ్ల ప్రాయమున ఆమె కన్నుమూసెను; బో భాషయు నామెతోనే పోయెను. తెగల కథలు, పాటలు 2021లో అబ్బి గ్రంథముగా వెలువడినవి.

ఆ గొంతును మొన్న మా మనుమనికి వినిపించితిని. “ఎవరితో మాట్లాడుతోంది, తాతా?” అనెను. ఆమె పక్షులతో మాటలాడెడిదనియు, అవి తన పూర్వులు గనుక తన పలుకెరుగునని నమ్మెడిదనియు అబ్బి చెప్పినది చెప్పితిని. వాడు లేచి కిటికీ తెరచెను.