వేషం ఎవరిది?

తెలుగు నాటకరంగ చరిత్రలో బాపట్ల స్థానం నరసింహారావు పుట్టిన ఊరు. తెనాలి ఆయన వెలిగిన ఊరు. 1902లో జన్మించిన ఆ నటుడు తెనాలి శ్రీరామవిలాస సభ పక్షాన సత్యభామగా, చిత్రాంగిగా, చింతామణిగా ప్రేక్షకులను ఉర్రూతలూగించి, 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన ప్రతిభను తక్కువ చేసేవాడు రసహీనుడే. ఐతే ఆయన ధరించిన పాత్రల్లో చింతామణి, మధురవాణి వేశ్యలు. ఆ వృత్తిలోని స్త్రీ స్వయంగా వేదికెక్కి ఉంటే, చప్పట్లు చరచిన ఆ పెద్దమనుషులే ఆమెను ఎలా చూసేవారన్న ప్రశ్నను మన విమర్శకులు అంతగా పట్టించుకోలేదు.

కళావంతుల స్త్రీలకు ఆటపాటలే జీవనోపాధి. వీరేశలింగంగారి కాలంలో మొదలైన భోగంమేళాల వ్యతిరేకోద్యమం నుంచి 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం వరకు నడచిన సంస్కరణ అవసరమైనదే. ఆడపిల్లను దేవాలయానికి అంకితమిచ్చే దురాచారం పోవలసిందే. కాని మేళం పోయాక ఆమె ఏం తినాలో చెప్పినవారు తక్కువ. వృత్తి పోయినా నింద పోలేదు. సంస్కర్త కంటికి ఆమె శ్రామికురాలు కాదు, అంటువ్యాధి.

గురజాడ ఈ చిక్కును పసిగట్టాడు. కన్యాశుల్కంలో సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి మగవేషంలో పోవలసి వస్తుంది. స్థానంవారు ఆ పాత్ర ధరించినప్పుడు పురుషుడు స్త్రీ అయి, ఆ స్త్రీ మళ్ళీ పురుషుడయింది! ఇన్ని ముసుగులు పడితేగాని ఆమె ఆ గుమ్మం తొక్కలేదన్నమాట. కాళ్ళకూరి నారాయణరావు చింతామణికి ఆపాటి మర్యాద కూడా దక్కలేదు; విరక్తి పొందితేగాని ఆమెకు విముక్తి లేదు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి పాత్ర ఒక కులాన్ని కించపరుస్తోందన్నది అభ్యంతరం. చింతామణిని, ఆమె తల్లి శ్రీహరిని చూసి నొచ్చుకోగల స్త్రీలు కూడా ఉన్నారని ఆ రగడలో గుర్తుకు వచ్చినట్టు కనపడదు.

మరో దారికి కూడా తెనాలితో సంబంధం ఉంది. 1943 ఫిబ్రవరిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ తాపీ ధర్మారావు అధ్యక్షతన జరిగింది అక్కడే. ప్రజానాట్యమండలి పుట్టింది కూడా ఆ యేడే. వేదికెక్కిన ఆడది సాని అన్న మాట మామూలైన రోజుల్లో మోటూరి ఉదయం నాయకత్వాన స్త్రీలే బుర్రకథ దళం కట్టారు. బాల్యంలోనే వితంతువై పునర్వివాహం చేసుకున్న కొండపల్లి కోటేశ్వరమ్మ జనంలో పాటలు పాడింది. ఆమె ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వెలువడింది. బుర్రకథలో కథకుణ్ణి మధ్యలో ఆపి వంతలు ప్రశ్నలు వేస్తారు. అది జనం తరపున అడిగే ప్రశ్నే. కాని దళం ముందే సిద్ధం చేసుకు వచ్చిన ప్రశ్న. చాపమీద కూర్చున్న కూలిస్త్రీ నోటి ప్రశ్న కాదు.

ఆ అంచు దాటినవాడు బ్రెజిల్ దేశపు అగస్టో బోల్. 1970లలో ఆయన రూపొందించిన పద్ధతిలో అన్యాయం జరుగుతుండగా ప్రేక్షకుడు ‘ఆపండి’ అని లేచి, పీడితుని స్థానంలో నిలిచి, తనకు తోచిన ఎదిరింపు ఆడి చూపుతాడు. 1985లో పశ్చిమబెంగాల్‌లో ఏర్పడిన జనసంస్కృతి దీన్ని పల్లెలకు తెచ్చింది. కలకత్తా సోనాగాఛీలో 1995లో సంఘటితమైన దుర్బార్ మహిళా సమన్వయ కమిటీకి ‘కోమల్ గాంధార్’ అనే స్వంత కళావిభాగం ఉంది. అక్కడ వేశ్య పాత్రకు మగ నటుణ్ణి వెతకవలసిన పని లేదు.

ఒక ప్రమాదం లేకపోలేదు. ఆరోగ్యశాఖ సందేశం వల్లించడానికే ఆ స్త్రీని వేదిక ఎక్కిస్తే ఆమె మళ్ళీ అంటువ్యాధే అవుతుంది. తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో ఇటువంటి నాటకం ఆడదలచినవారు రోగం ఊసెత్తకుండా అద్దె ఇంటితో మొదలుపెట్టవచ్చు. ఇల్లు ఇవ్వనన్న యజమాని వేషం ఆ వీధిలోని ఇంటాయనకే ఇవ్వాలి. అతను రానంటే, ఖాళీ కుర్చీ వేసి, సంభాషణ దానితోనే నడపాలి.