గుర్రానికి పుట్టింటి పేరు

పెళ్లి సంబంధం అనగానే మనవాళ్లు ముందడిగేది "అబ్బాయి ఎవరి కొడుకు?" అని. ఇంటిపేరు, గోత్రం, తాత ముత్తాతలు అన్నీ మగవైపు లెక్కలే. తల్లి ఏ ఊరి ఆడపడుచో చివర్లో, కాఫీలు తాగేటప్పుడు తెలుస్తుంది. అరేబియా ఎడారిలో గుర్రాలు పెంచే బెదూయిన్లు ఈ లెక్కను తిరగేశారు. కుహైలాన్, సక్లావీ లాంటి వంశాల పేర్లు పిల్లకు తల్లినుంచే వస్తాయి. తండ్రి ఎంత పేరుమోసిన గుర్రమైనా సరే!

ఈ సంగతి తెలిశాక గండికోటను నేను మరోలా చూడడం మొదలుపెట్టాను. జమ్మలమడుగుకి దగ్గర్లోనే, పెన్న కోసుకుపోయిన లోయ అంచున ఉంది ఆ కోట. విజయనగర కాలంలో దాన్ని ఏలినవాళ్లు పెమ్మసాని నాయకులు. నాయకుడంటే రాజుకి కప్పం కట్టడమే కాదు, ఇంత కాల్బలం, ఇన్ని గుర్రాలు అని సిద్ధంగా ఉంచాలి. మన ఎండల్లో, రాళ్లదారుల్లో రోజుల తరబడి మనిషిని మోసే గుర్రం కావాలి మరి. ఆ ఓపికకు పేరుపడ్డవి అరబ్బీ, పారశీక జాతులు.

అవి హోర్ముజ్‌లో ఓడెక్కి పడమటి రేవుల్లో దిగేవి. రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని 1535 ప్రాంతంలో పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు. మేలైనవి తన శాలకు ఉంచుకుని, నాటువి వెయ్యి వరహాలకు ఐదు చొప్పున నాయకులకు అంటగట్టేవాడట. అంతకుముందు సాళువ నరసింహరాయలు చచ్చినా బతికినా వెయ్యికి మూడు లెక్కన కొన్నాడట. సముద్రంలో చచ్చినదానికి తోక తెచ్చి చూపిస్తే చాలు! ప్రొద్దుటూరు బంగారం బజారులో గురిగింజెత్తు తేడాకి పోట్లాడే మనకు ఈ బేరం మింగుడుపడుతుందా?

ఏటా కొనడమెందుకు, ఇక్కడే పెంచుకోవచ్చు కదా? అంతకు రెండు వందల ఏళ్లకు ముందే తమిళ తీరం చూసిన మార్కోపోలో దీనికి జవాబు చెప్పాడు. మేలుజాతి గుర్రాలను జతకట్టించినా ఇక్కడ వంకరకాళ్ల పిల్లే పుడుతుందట. వాటికి వండిన అన్నం, మాంసం పెడతారట. సాకడం తెలిసినవాళ్లు లేరట. పులివెందుల మెట్టల్లాంటి నేలల్లో ఉలవలు పండించుకునే మనకు దాణా సంగతి తెలియనిది కాదు. అయితే దాణా ఒక్కటే వంశాన్ని నిలబెట్టదు.

అసలు చిక్కు ఇంకొకటుంది. బెదూయిన్లకు ఆడగుర్రమంటే ప్రాణం. మగదాన్ని అమ్ముతారు గానీ, మంచి వంశపు ఆడదాన్ని అమ్మడానికి చేతులు రావు. మన రాజుల బంగారానికి దక్కింది ఒక్కో తరం గుర్రాలే. వంశం ఎడారిలో తల్లుల దగ్గరే ఉండిపోయింది. 1510లో గోవా పోర్చుగీసుల పాలయ్యాక, అంత పెద్ద రాజ్యమూ గుర్రం కోసం రేవు పట్టుకున్నవాడి మొహం చూడవలసి వచ్చింది. పుట్టింటితో సంబంధం లేని సంపద ఎంతైనా అరువు సొమ్మే కదా!

కాలిఫోర్నియాలో 1955నుంచి టెవిస్ పందెం జరుగుతోంది. ఒక్క రోజులో 100 మైళ్లు కొండదారిన సాగాలి. అందులో ఇప్పటికీ అరబ్బీలదే పైచేయి. కండరానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా పిల్లకు తల్లినుంచే వస్తుందని సైన్సు చెబుతోంది. అంతమాత్రాన ఓపికంతా తల్లిదే అనలేం. తండ్రి వాటా తండ్రికీ ఉంది. కానీ తల్లి పేరు అడగకుండా వంశం లెక్క తేలదని గుర్రాలవాళ్లకు ఎప్పుడో తెలుసు. తల్లిని చూసి పిల్లను చేసుకోమన్న మన పెద్దవాళ్లకూ తెలుసు. ఇంటిపేర్లు రాసే చోట మాత్రం మరిచిపోయారు, అంతే!