ఆటో దిగిన బ్యాటరీ

ముందు ఉంగరం, వాచీ తీసి బయట పెట్టండి. మెడలో గొలుసుంటే అదీ తీసేయండి. ఇప్పుడు రబ్బరు గ్లౌజులు తొడుక్కుని బల్ల దగ్గరికి రండి.

ఇది హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డు. బల్ల మీద ఉన్నది ఎలక్ట్రిక్ ఆటోలోంచి దించిన ప్యాకు. ఒక్కడి వల్ల కాలేదు, ఇద్దరు పట్టుకుని పెట్టారు. అంచులకు ఇంకా రోడ్డు బురద ఉంది. సగం చిరిగిన స్టిక్కరు మీద 51.2 వోల్టులు, 105 ఆంపియర్ అవర్లు అని కనిపిస్తోంది. అంటే కొత్తలో దీన్లో సుమారు 5.4 యూనిట్ల కరెంటు పట్టేది. ఆటోవాలా దీన్ని వదిలించుకుంటూ ‘బ్యాటరీ పడిపోయింది’ అన్నాడు. నిజంగా పడిపోయిందో లేదో ఇక్కడ తేలుతుంది.

స్క్రూలు వదులయ్యాయి. మూత లేస్తుంటే థిన్నరు లాంటి వాసన ముక్కుకు తగిలితే చాలు, అందరూ వెంటనే బయటికి నడవాలి. ఎక్కడో సెల్లు కారుతున్నట్టు లెక్క. ఈ ప్యాకులో ఏ వాసనా లేదు. లోపల వరసగా పదహారు నీలం సెల్లులు, ఒక్కోటి 3.2 వోల్టులు. కుర్రాడు మీటరు ముళ్లు ఒక్కో సెల్లు మీద ఆనిస్తుంటే అంకెలు మీరే చదవండి. మిల్లీ ఓముల్లో 0.4, 0.4, 0.5, మళ్లీ 0.4. తొమ్మిదో సెల్లు దగ్గర 1.3. వేలితో తడిమితే దాని పొట్ట కొద్దిగా ఉబ్బి ఉంది.

దోషి దొరికింది. పదహారూ వరసలో ఉన్నాయి కాబట్టి వీటన్నిట్లో ఒకటే కరెంటు పారుతుంది. తొమ్మిదోది ముందే ఖాళీ అయి 2.5 వోల్టులకు దిగగానే సెల్లులను కాపలా కాసే బోర్డు, అంటే బీఎంఎస్, మొత్తం ప్యాకును ఆపేస్తుంది. కాడికి కట్టిన ఎడ్లలో ఒకటి కుంటిదైతే బండి నడక దానిదే. మిగతా పదిహేనింటి ఓపిక ఆటోవాలాకు తెలిసే దారే లేదు.

ఇక ఓపిక పట్టాల్సింది మనం. ఒక్కో సెల్లునూ నిండా చార్జి చేసి, ఇరవై ఆంపియర్ల మీద ఖాళీ చేస్తూ ఎంత వచ్చిందో కొలవాలి. ఎక్కడానికో పూట, దిగడానికో పూట. తరవాత కొన్ని రోజులు వదిలేసి, తనంతట తాను ఎంత పోగొట్టుకుందో చూడాలి. బండి పని అయిపోయిన బ్యాటరీల్లో మామూలుగా 70 నుంచి 80 శాతం మిగిలి ఉంటుంది. పాత బ్యాటరీల వ్యాపారం లాభమో నష్టమో తేల్చేది సెల్లు ధర కన్నా ఈ పరీక్షకయ్యే కూలి, కాలమే. నిస్సాన్, సుమిటోమో కలిసి పెట్టిన 4ఆర్ ఎనర్జీ, 2011 అణు ప్రమాదంతో ఖాళీ అయిన జపాన్ పట్టణం నమియెలో 2018లో కర్మాగారం తెరిచింది. లీఫ్ కారు ప్యాకులోని 48 మాడ్యూళ్ల పరీక్షకు మొదట్లో 16 రోజులు పట్టేదట. తరవాత దాన్ని నాలుగు గంటలకు దించారు.

కారు నుంచి ఆటోకు దిగే దారి కూడా ఉంది. బెంగళూరులో పనిచేసే నునమ్ సంస్థ 2022లో ఆడి ఇ-ట్రాన్ కార్ల బ్యాటరీలతో మూడు ఈ-రిక్షాలు తయారుచేసింది. రిక్షా తరవాత వాటిని దీపాలకు వాడవచ్చన్నది వాళ్ల ఆలోచన.

మన బల్ల మీది ప్యాకును నేను తుక్కుకు పంపను. ఇది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దీన్ని నలగ్గొడితే కోబాల్టు రాదు, నికెల్ రాదు, చేతికొచ్చేది తక్కువ. అవి ఉన్న కార్ల సెల్లులకు రీసైక్లింగులో మంచి విలువే ఉంది, నిప్పు భయం కూడా వాటికే ఎక్కువ. తొమ్మిదోది తీసి, మిగతావాటికి జోడైన పాత సెల్లు ఒకటి వేసి, కొత్త బీఎంఎస్ బిగిస్తే నాలుగు యూనిట్ల పెట్టె మన చేతిలో ఉంటుంది. పూర్తిగా పిండకుండా రోజుకు మూడు యూనిట్లు తీసుకోవచ్చు. ఇంటికి 9 వాట్ల బల్బులు మూడు, రాత్రి అయిదు గంటలు. ఇరవై ఇళ్లు వెలుగుతాయి. ఫ్లైఓవర్ ఎక్కుతూ వంద ఆంపియర్ల దాకా తోడిచ్చిన పెట్టెకు ఇది పదకొండు ఆంపియర్ల పని.

ఆ ఇరవై ఇళ్లు ఎక్కడ? పెట్టె ఇంకా చేరలేదు గానీ మనం ముందు వెళ్లి చూసొద్దాం. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా మారాయిగూడెం దాటితే ఛత్తీస్‌గఢ్, సుక్మా జిల్లా. కొంటా బ్లాకులోని గొల్లపల్లి వైపు సాగండి. ఇరుపక్కలా ఇప్పచెట్లు, తునికి పొదలు. జ్వరమొచ్చినా సరుకులకైనా ఈ వైపు జనం భద్రాచలమే దిగుతారు, తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. పొద్దు గుంకింది. టార్చి వేయకుండా కాసేపు నిలబడండి. దడి ఎక్కడుందో, మనిషెక్కడున్నాడో తెలియని చీకటి.

ఇక్కడ మన పెట్టెను నింపాల్సింది సోలారు పలకే. సోలారు ఈ రాష్ట్రానికి కొత్త కాదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ సంస్థ క్రెడా 570 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు రెండేసి కిలోవాట్ల సోలారు పెట్టింది. ఇలాంటి చోట్ల ముందుగా చచ్చేది పలక కాదు, దాని కింది సీసం బ్యాటరీ. డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్లుండరు. ముసురు పట్టిన రోజుల్లో సగం చార్జితో పడి ఉంటే లోపల సల్ఫేటు గట్టిపడిపోతుంది. మన నీలం సెల్లులకు నీళ్లక్కర్లేదు, సగం చార్జి వాటికి హాయి. ఎండ మాత్రం పడదు. రేకుల కింద పెడితే మే నెల వేడికి తొందరగా పాడవుతాయి, మట్టిగోడల గదిలో నీడన ఉండాలి.

గూడెంలో ఎవరైనా మొదట అడిగేది ఒకటే: “ఎన్నేండ్లు వస్తది సార్? పోతే ఎవరొచ్చి చేస్తరు?” దీనికి జవాబు లేకుండా పెట్టె దించితే పట్నం తన తుక్కును అడవిలో పారబోసినట్టే. కొత్తదానికిచ్చినట్టే దీనికీ రాతలో గ్యారంటీ ఉండాలి. భద్రాచలంలోనో కొంటాలోనో బీఎంఎస్ మార్చగల మనిషి ఒకడుండాలి. ఈ రెండూ లేకపోతే పంపకపోవడమే మేలు.

2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాహన బ్యాటరీని సేకరించి బాగుచేయించడమో, రీసైకిల్ చేయించడమో తయారీదారు బాధ్యత. అందుకే మీ ఆటో ప్యాకు మార్చే రోజున దాన్ని తుక్కు కాటా మీద పెట్టకండి. సీరియల్ నంబరు రాసుకుని కంపెనీకే అప్పగించండి, రసీదు అడిగి తీసుకోండి.