ముంపు నేల, మ్యూజియం అర: గోదావరి తీరంలో బృహత్ శిలా సమాధుల సాక్ష్యం

రాజమహేంద్రవరంలో చరిత్ర పరిశోధన అక్షరంతో మొదలైంది. 1922లో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి తొలినాళ్ళలోనే రాజరాజనరేంద్రుని పట్టాభిషేక సంచికను వెలువరించింది. శాసనాలు, నాణేలు, రాజవంశాలు ఆ తరం పరిశోధకుల ప్రధాన క్షేత్రాలు. మండలికి ప్రాణం పోసిన రాళ్ళబండి సుబ్బారావు పేరిట గోదావరి గట్టున ఉన్న ప్రభుత్వ మ్యూజియం ఆ కృషికి కొనసాగింపే. అక్షరం లేని సమాధి ఈ సంప్రదాయంలో ఎక్కడ నిలుస్తుందన్నది ఇప్పుడు పరిశీలించవలసిన అంశం.

డెల్టా ఒండ్రు నేల. పెద్ద బండలు దొరకని చోట రాతి సమాధులు అరుదుగా ఉండటం సహజం. అందుకే పాపికొండలకు ఎగువకు వెళ్ళాలి. పోలవరం ముంపు పరిధిలోని వేలేరుపాడు మండలం రుద్రమకోట వద్ద బృహత్ శిలా సమాధులు వెలుగు చూశాయి. 'శిలాయుగం' అన్న మాట విద్యార్థిని తప్పుదారి పట్టిస్తుందని తరగతి గదిలో పలుమార్లు గమనించాను. ఈ సమాధులు కట్టినవారు ఇనుము ఎరిగినవారు. బృహత్ శిల వారి పనిముట్టు కాదు, మృతునికి కట్టిన ఇల్లు. దక్షిణాపథమంతటా ఇటువంటి సమాధుల్లో ఇనుప ఆయుధాలు, పూసలు, నలుపు-ఎరుపు మట్టిపాత్రలు కనిపిస్తాయి. ఆవంలో కుండను బోర్లించి కాలిస్తే గాలి తగలని లోపలి భాగం, అంచు నల్లబడి, వెలుపలి భాగం ఎర్రబడుతుందని వాటి తయారీకి ఒక వివరణ. కొన్నిచోట్ల ఎముకలను ఏరి, కాళ్ళున్న మట్టి తొట్టెల్లో ఉంచారు. కడప జిల్లా శంకవరంలో దొరికిన పొట్టేలు ఆకారపు తొట్టె చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది.

సమాధిలోని వస్తువు ఒంటరిగా అర్థమివ్వదు. కుండ తల వైపున ఉన్నదా, కాళ్ళ వైపున ఉన్నదా, రాతి వలయం వెలుపల ఉన్నదా అన్నదే దాని భాష. నేల మునిగితే ఆ భాషను మళ్ళీ చదివే అవకాశం లేదు. తవ్వకపు నమోదు పుస్తకం, అరలోని చీటీ మాత్రమే మిగులుతాయి. చీటీ సంగతీ చిన్నది కాదు. వేలేరుపాడు 2014 వరకు ఖమ్మం జిల్లాలోనిది, తరువాత పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు. జిల్లా పేరు మాత్రమే రాసిన చీటీ పదేళ్ళలోనే పరిశోధకుణ్ణి వేరే ఊరికి పంపగలదు. గ్రామం, రేఖాంశ అక్షాంశాలు, సమాధి సంఖ్య, పొర లోతు తప్పనిసరిగా ఉండాలి.

తెలుగు శాఖలవారికి ఇందులో మరో పని ఉంది. ఈ కట్టడాలను తెలుగు పల్లెలు రాకాసి గుళ్ళని, పాండవుల గుళ్ళని పిలుచుకున్నాయి. కట్టినవారిని మరచిపోయిన సమాజం ఆ బరువుకు తగిన కర్తలను పురాణంలో వెతుక్కున్నదని నా అభిప్రాయం. ముంపు గ్రామాల పెద్దలు ఇప్పుడు పునరావాస కాలనీల్లో ఉన్నారు. తమ ఊరి బండలను, వాటి చుట్టుపక్కల నేలను వారు ఏ పేర్లతో పిలిచేవారో వారి నోటనే నమోదు చేసి, తవ్వకపు పటంతో జతపరచవలసి ఉంది.