పలు వేషముల చర్మవ్యాధి



ఒడలిపై తెల్లని మచ్చ యొకటి కనబడినంతనే, బొల్లి యని యొకరును, కుష్ఠమని వేరొకరును తీర్పు చెప్పుట మన పల్లెలలో వాడుక. ఆ యొక్క మాటతో ఒక పిల్ల పెండ్లి చెడవచ్చును. ఒక మనిషి పంక్తికి దూరము కావచ్చును. ఈ రెండును గాక, వాని వేషమున వచ్చు అరుదైన వ్యాధి వేరొకటి కలదు. దాని చరిత్రను నేడు మనవి చేసెదను.

ఫ్రాన్సు దేశపు రాజధానియగు పారిసు నగరమున సెయింట్ లూయీ వైద్యశాల కలదు. 1607లో నాలుగవ హెన్రీ రాజు దానిని స్థాపించెను. పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో ఆలిబేర్ అను వైద్యుడు అచ్చట చర్మరోగులను చూచుచు, చెట్లనీడను శిష్యులకు పాఠములు చెప్పుచుండెను. 1806లో ఆయన యొక వింత రోగమును వర్ణించెను. రోగి దేహముపై మొలచిన గడ్డలు పుట్టగొడుగులవలె నుండుటచే, దానికి పిమ్మట ‘మైకోసిస్ ఫంగాయిడిస్’ అను పేరు పెట్టెను. నిజమునకు పుట్టగొడుగులతోగాని బూజుతోగాని ఈ వ్యాధికి సంబంధము లేదు. అయినను ఆ పేరే నేటికిని నిలిచియున్నది.

1870లో బజాన్ అను వైద్యుడు దీని నడకను మూడు దశలుగా చెప్పెను: తొలుత పలుచని మచ్చలు, పిదప మందమైన బిళ్ళలు, తుదకు గడ్డలు. కాని వ్యాధి ఆ క్రమమునకు లోబడలేదు. మచ్చలు లేకయే గడ్డలతో మొదలైన రోగులను 1885లో విదాల్, బ్రోక్ అనువారు వర్ణించిరి. ఒడలెల్ల ఎఱ్ఱబారిన రోగుల నెత్తుటిలో వికారమైన కణములను 1938లో సెజారీ, బూవ్రాన్ అనువారు కనుగొనిరి. దేహమును కాపాడవలసిన తెల్లకణములలో ‘టి’ కణములనునవి చర్మమున చేరి హద్దుమీరి పెరుగుటయే ఈ వ్యాధియని తరువాత తేలెను. ఇది లింఫోమా యను క్యాన్సరు జాతికి చెందినది, అంటువ్యాధి కాదు.

మనకు ముఖ్యమైన వేషము ఇక చెప్పెదను. నల్లని, చామనచాయ చర్మము గలవారిలో, అందును పిల్లలలో, యువకులలో, ఇది కొన్నియెడల వెలిసిన మచ్చలుగా మాత్రమే కనబడును. చూచినవారు శోభి యనియో, బొల్లి యనియో, కుష్ఠమనియో భ్రమపడుదురు. బొల్లి మచ్చ సాధారణముగా పాలవలె తెల్లగా నుండును. ఇది అంత తెలుపు గాదు. కుష్ఠపు మచ్చపై స్పర్శ తఱచుగా మందగించును. దీనిలో సామాన్యముగా స్పర్శ నిలిచియుండును. అయినను ఈ గుర్తులచేతనే తేల్చరాదు. మచ్చనుండి చర్మపు తునక తీసి సూక్ష్మదర్శినితో చూడవలెను. ఒక్కొక్కప్పుడు ఆ పరీక్ష మరల మరల చేయవలసివచ్చును.

ఈ వెలిసిన మచ్చల రూపము చాలమందిలో మెల్లగా నడచును. అతినీలలోహిత కిరణముల చికిత్సకు తఱచుగా లొంగును. మచ్చ కుష్ఠమే యైనను భయపడ బనిలేదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన మందుల కూర్పుచే అదియు నయమగును.

పెద్దలారా, నూఱేండ్లకు మించి గొప్ప వైద్యులనే తికమకపెట్టిన వ్యాధిని రచ్చబండపై కూర్చుండి మనము తేల్చగలమా? మచ్చ గలవానిని వెలివేయక, చర్మవైద్యుని యొద్దకు పంపుడు. ఊరివారు మీ మాట విందురు గనుక ఈ భారము మీదే.