తర్వాతి పేజీ రావట్లేదు

ఫోన్ మోగుతోంది. తర్వాత తీయొచ్చు. ముందు తెర చూడండి.

విశాఖ కంచరపాలెంలో మేడమీది గది. కింద ఆటోల హారన్లు, అవతల గూడ్సు బండి మోత. మీ ముందున్నది ఉద్యోగాల కోసం పేర్లు రాయించుకున్న పది లక్షల మంది పట్టిక. ఎలక్ట్రీషియన్లను సీనియారిటీ వరసలో, పేజీకి యాభై మంది చొప్పున చూపాలి. 600వ పేజీ నొక్కారు. చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది.

"ఏటైందన్నా?" పక్క కుర్రాడు తొంగి చూస్తాడు.

ఆ పేజీ కోసం పంపిన క్వెరీకి ముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ తగిలించి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి ఇవ్వండి. జవాబులో రెండు మాటలు పట్టుకోండి: సీక్వెన్షియల్ స్కాన్, సార్ట్. పట్టికంతా మొదటినుంచి చదివి, ఎలక్ట్రీషియన్లను ఏరి, అప్పటికప్పుడు వరస పెడుతోంది. ఆ పనికి మామూలుగా దొరికే మెమరీ 4 ఎంబీ. చాలక డిస్కు మీద పడింది.

వచ్చిన వరస చూడండి. 01-12-2019 పైన, 02-01-1994 కింద! పాతికేళ్ల ముందు నిలబడినవాడు వెనక్కి పోయాడు. తేదీని అక్షరాలుగా దాచారు మరి. అక్షరాల లెక్కలో రోజు ముందు, ఏడాది చివర. తేదీ రకంతో కొత్త కాలమ్ చేర్చండి. ఖాళీ కాలమ్ చేర్చడం క్షణం పని. కొత్తవాటిని నింపే ట్రిగ్గర్ ఒకటి పెట్టి, పాతవి కొన్ని వేల చొప్పున నింపండి. క్వెరీలో వరసకు ఇక ఈ కాలమ్‌నే వాడండి.

ఇక ఇండెక్సు. ఇదే కంచరపాలెంలో జిల్లా ఉపాధి కార్యాలయం ఉంది. కంప్యూటర్లు రాకముందు ఉపాధి కార్యాలయాల్లో మనిషికో ఎక్స్-1 కార్డు ఉండేది, వాటిని వృత్తి కోడు ప్రకారం పేర్చేవారు. ఎలక్ట్రీషియన్లు కావాలంటే ఆ కట్ట ఒక్కటే తీస్తే చాలు. మీరూ అలాగే కట్టండి: ముందు వృత్తి కోడు, తర్వాత నమోదు తేదీ, చివర రిజిస్ట్రేషన్ నంబరు. తేదీని ముందు పెట్టారో, ఎలక్ట్రీషియన్లు మిగతా వృత్తులవాళ్ల మధ్య చెల్లాచెదురైపోతారు. లోపల ఉండేది బోయింగ్‌లో పనిచేసిన బేయర్, మెక్‌క్రైట్ 1970లో చెప్పిన బీ-ట్రీ. పది లక్షల్లో ఒకరిని చేరడానికి మూడు నాలుగు పుటలు తిప్పితే సరి.

క్రియేట్ ఇండెక్స్ అని టైప్ చేశారు. వేలు ఎంటర్ మీద ఉంది.

ఆగండి.

కౌంటర్ల దగ్గర కొత్త పేర్లు ఎక్కుతున్నాయి. ఇది నడిచినంతసేపూ పట్టికలో ఎవరూ రాయలేరు. లైన్లు ఆగిపోతాయి. వేలు తీయండి. కంకరెంట్లీ అని చేర్చండి. నెమ్మదే. కానీ ఎవరినీ ఆపదు.

ఇప్పుడు నొక్కండి.

చూస్తూ ఉండండి. మధ్యలో తెగితే చెల్లని ఇండెక్సు మిగులుతుంది. దాన్ని తీసేసి మళ్లీ కట్టాలి.

అయింది.

మొదటి పేజీ టక్కున వచ్చేసింది. సార్ట్ అన్న మాటే లేదు. 600వ పేజీ మాత్రం ఇంకా నసుగుతోంది. కారణం ఆఫ్‌సెట్. దాదాపు ముప్పై వేల మందిని దాటుకుంటూ వస్తేగానీ మీ యాభై మందిని ఇవ్వదు. అందుకని, చూసిన చివరి మనిషి తేదీ, నంబరు ఇచ్చి, అతని తర్వాతి యాభై మందిని అడగండి. ఇండెక్సు నేరుగా అక్కడే తెరుచుకుంటుంది. పేజీ నంబరు కొట్టి దూకడం ఇక కుదరదు. బదులుగా ఏ తేదీ నుంచి చూడాలో అడిగే గడి పెట్టండి.

తేదీ ఉండగా నంబరెందుకు? ఒకే రోజు వందమంది నమోదై ఉండొచ్చు. పేజీ ఆ వందమంది మధ్యలో తెగితే, తేదీ ఒక్కటే నమ్ముకున్న ప్రోగ్రాం మిగిలినవాళ్లను ఏ పేజీలోనూ చూపదు. వేగం కన్నా నాకిదే ముఖ్యం. ఏళ్లతరబడి ఎదురుచూసిన మనిషి పేరు తెరమీదికి రాకపోవడం చిన్న తప్పు కాదు. ఈ ప్రోగ్రాం పంపేముందు ఒకే తేదీతో వందమందిని ఎక్కించండి. పేజీలన్నీ తిప్పండి. వందమందీ వచ్చారో లేదో లెక్కపెట్టండి.